మన ఎండ గుట్టల్లో మీకు నచ్చిన నడక దారి ఏది? (నల్లగొండ, పాలమూరు వైపు)

నల్లగొండ_నడక
గుట్టలెక్కాలని ఉందంటే చాలు, అరకు పో, ఊటీ పో అంటారు. మన దగ్గర ఏమున్నాయని అడిగితే భువనగిరి ఖిల్లా పేరు చెప్పి ఊరుకుంటారు. నల్లగొండ నుంచి అచ్చంపేట దాకా బస్సులో పోతూ కిటికీలోంచి చూడండి, ఎటు చూసినా గుట్టలే. రాళ్లు, తుమ్మలు, బలుసు పొదలు, మధ్యలో ఎవరో నడిచిన సన్నటి బాట. ఆ బాటల గురించి ఎవరూ రాయరు. ఆన్‌లైన్లో వెతికితే నాలుగు ఫొటోలు, డ్రోన్ వీడియో, అంతే. ఎక్కడ బండి పెట్టాలి, ఎంతసేపు పడుతుంది, పైన నీళ్లున్నాయా, ఇవేవీ ఉండవు.

మెట్లు కట్టిన గుడి గుట్టలు కాకుండా, కాళ్లకు రాయి తగిలే దారులు చెప్పండి. మా నాన్న కూడా వస్తారు, 60 దాటాయి, పొలంలో నడిచిన కాళ్లు. నా కొడుకు ఐదో తరగతి. వచ్చే చలికాలం నుంచి మొదలు పెట్టాలని ఉంది. ఒకరు ఒక్క గుట్ట చెప్పినా చాలు, కానీ మీరు ఎక్కిందే చెప్పండి.

గుట్టలపిచ్చి
దేవరకొండ. ఇంకో మాట లేదు.

భోనగిరి_బాబు
అందరూ భువనగిరి చెప్తారంటే ఊరికే చెప్తారా అన్నా? ఏకశిల అది. త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయింది, పశ్చిమ చాళుక్యుల కట్టడం. సగం దాకా మెట్లు చెక్కారు, తర్వాత నున్నటి బండ మీద ఇనుప కడ్డీలు పట్టుకుని ఎక్కాలి. పైన బారాదరి (నలువైపులా తలుపులున్న మంటపం), నీటి గుంతలు, ఫిరంగి. ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట శిక్షణ తీసుకున్నది ఈ బండ మీదే. 2014 మే 25న వాళ్లు శిఖరం మీద నిలబడ్డారు, పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. పిల్లాడిని తీసుకొస్తానన్నావు కదా, ముందు ఆ కథ చెప్పి ఈ గుట్ట ఎక్కించు. మిగతావన్నీ వాడే ఎక్కుతాడు.

నల్లగొండ_నడక
@భోనగిరి_బాబు భువనగిరిని తక్కువ చేయలేదు తమ్మీ. ఆదివారం జనం ఎక్కువ, అందుకని. పూర్ణ సంగతి మావాడికి తప్పకుండా చెప్తాను.

దేవరకొండ_బిడ్డ
గుట్టలపిచ్చి గారు పేరు చెప్పి వదిలేశారు, వివరం నేను రాస్తాను. మా ఊరే.

ఏడు కొండలను కలుపుతూ కట్టిన కోట ఇది. రేచర్ల పద్మనాయకుల కాలం, 14వ శతాబ్దం. ఊరు దాటగానే మొదటి దర్వాజా వస్తుంది, అక్కణ్ణుంచి ఒకదాని తర్వాత ఒకటి దర్వాజాలు. లోపలికి పోయిన కొద్దీ ఊరి చప్పుడు తగ్గిపోతుంది. కొండల మధ్య పల్లంలో అడుగు పెడితే కింద అంత పెద్ద ఊరుందని మరిచిపోతారు.

అక్కణ్ణుంచి పైకి ఎక్కేదే అసలు దారి. మెట్లున్నచోట మెట్లు, లేనిచోట బండలు. గోడల రాళ్లు చూడండి. సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి ఎలా పేర్చారో! కొన్ని మనిషి ఎత్తున ఉంటాయి. సందులో వేలు పెట్టబోతే గోరు కూడా పోదు. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నా, ఇప్పటికీ ఒకచోట ఆగి చెయ్యి పెట్టి చూస్తాను.

చెప్పాల్సింది ఇంకొకటి. వానాకాలం తర్వాత కంప బాగా పెరుగుతుంది, కార్తీకం దాకా సగం బాట కనిపించదు. సంక్రాంతి తర్వాత రండి, మేకలు మేసి మేసి దారి చేసి పెడతాయి. నిండు ప్యాంటు వేసుకోండి. పల్లేరు కాయలు స్లిప్పర్లలోంచి దిగుతాయి.

సూర్యాపేట_స్వాతి
మేకలు వేసిన బాట మీద పోవచ్చంటారా? మేక ఎక్కిన బండలన్నీ మనిషి ఎక్కగలడా అక్కా?

దేవరకొండ_బిడ్డ
@సూర్యాపేట_స్వాతి మేక ఒక్కటే పోయిన చోటికి పోవద్దు. మేకలు కాసే మనిషి పోయిన చోటికి పోవచ్చు. తేడా తెలుసుకోవడం తేలికే. మనిషి నడిచిన బాటలో అడ్డంగా వచ్చే కొమ్మలు నడుము ఎత్తులో విరిగి ఉంటాయి.

గుట్టలపిచ్చి
ఈ కొమ్మల సంగతి బాగుంది. నేను ఇన్నేళ్లు రాళ్ల మీది తెల్లటి అరుగుదల చూసి పోతున్నాను. నల్లబండ మీద జనం నడిచిన చోట రంగు తేలుతుంది.

పాలమూరు_పోరడు
నల్లగొండ వాళ్లు నల్లగొండే చెప్పుకుంటున్నారు. కోయిల్‌కొండ ఎవరూ చెప్పలేదేంది?

మహబూబ్‌నగర్ నుంచి పొద్దున బస్సెక్కితే చాలు. కుతుబ్‌షాహీల కోట. ముందు వాగు దాటాలి, తర్వాత లోయ పక్క నుంచి ఎక్కుడు. ఏడు దర్వాజాలు. పైన మసీదు, కోనేరు, కూలిన మహలు. ఎవడైనా శత్రువు వస్తే ఈ దారిలో ఎట్లా వచ్చేవాడో అనిపిస్తది, అంత ఇరుకు. పైనుంచి చూస్తే ఒకపక్క చెలకలు, ఒకపక్క గుట్టల వరుస.

దగ్గర్లోనే శ్రీరామకొండ కూడా ఉంది. అమావాస్య నాడు జనం వస్తారు, కొండ మీద మూలికలు తెచ్చుకుంటారు. ఖాళీగా నడవాలనుకుంటే అమావాస్య కాని రోజు పోవాలి.

లెక్కల_సారు
నల్లగొండ_నడక గారు మెట్ల గుట్టలు వద్దన్నారు. నేను ఒప్పుకోను. మెట్లున్నంత మాత్రాన ఆ గుట్ట గుట్ట కాకుండా పోదు. నార్కెట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు చూశారా? గుడి దాకా మెట్లూ ఉన్నాయి, రోడ్డూ ఉంది. కానీ గుడి వెనక మూడు గుండ్లు ఉన్నాయి. గుండ్ల మధ్య సందులోంచి ఒళ్లు పక్కకు తిప్పి, భుజం ముందు పెట్టి, ఊపిరి బిగబట్టి పైకి పోవాలి. లావుగా ఉన్నవాళ్లు కూడా దూరి వెళ్తారు, రామలింగేశ్వరుడి మహిమ అని నమ్మకం. ఆ సందులో రాయి ఎంత చల్లగా ఉంటుందో! బయట మండే ఎండ, లోపల చెంపకు తగిలే రాయి చల్లన. వందల ఏళ్లుగా భుజాలు రాసుకుని రాసుకుని రాయి నూనె పూసినట్టు నున్నబడింది.

అలాగే మన్యంకొండ. తవ్వని కోనేరు, చెక్కని పాదాలు, ఉలి ముట్టని దేవుడు అని పాలమూరులో పిల్లవాడిని అడిగినా చెప్తాడు. ఘాట్ రోడ్డు వదిలేసి పాత మెట్ల దారిలో ఎక్కండి.

నల్లగొండ_నడక
@లెక్కల_సారు మూడు గుండ్లు నేనూ ఎక్కాను సార్, జాతరలో వెనకనుంచి తోస్తుంటే. ఖాళీ రోజు ఎక్కాలని ఇప్పుడు అనిపిస్తోంది. మెట్ల మాట వెనక్కి తీసుకుంటున్నా, మీ గుట్టలూ లెక్కలోకే.

ఫీనిక్స్_పాలమూరు
మాది మక్తల్ వైపు, ఇప్పుడు అరిజోనాలో ఉంటున్నాను. ఇక్కడిది అసలైన ఎడారి. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. మన పాలమూరులో 600 అటూ ఇటూ పడుతుంది, కాబట్టి మనది ఎడారి కాదు, కరువు నేల. కానీ కొండ ఎక్కేటప్పుడు ఒంటికి ఆ తేడా తెలియదు. ఎండ ఎండే.

ఇక్కడ నాకు నచ్చిన దారి సూపర్‌స్టిషన్ కొండల్లో పెరాల్టా ట్రైల్. ఎక్కుడు 4 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కొసన ఫ్రీమాంట్ సాడిల్ అనే కనుమ, అక్కడ నిలబడగానే వీవర్స్ నీడిల్ అనే పెద్ద రాతి స్తంభం ఎదురుగా ఒక్కసారిగా కనిపిస్తుంది. దారి పొడవునా సగ్వారో జెముళ్లు. ఆ చెట్టుకు ఒక చెయ్యి మొలవాలంటే 50 ఏళ్ల పైనే పడుతుందట. కొమ్మ కనిపించిందంటే అది మా నాయన కంటే పెద్దది.

నేను చెప్పాలనుకున్న అసలు సంగతి వేరు. ఫీనిక్స్ ఊరి మధ్యలో కేమెల్‌బ్యాక్ అని ఒక గుట్ట ఉంది. మరీ ఎండ ముదిరిన రోజుల్లో, హెచ్చరిక వస్తే, పొద్దున్నుంచి సాయంత్రం 5 దాకా నగరం వాళ్లే ఆ దారి మూసేస్తారు. ఎందుకంటే ఎక్కి పడిపోయినవాళ్లను మోసుకొచ్చేది అగ్నిమాపక సిబ్బంది, వాళ్ల ప్రాణం మీదికీ వస్తుంది. గ్రాండ్ కాన్యన్‌లో అయితే ఎండాకాలం పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా నడవొద్దని బోర్డులు. అక్కడ ఇంకో తిరకాసు ఉంది. మన గుట్టలో ముందు ఎక్కుతాం, అలసిపోతే దిగొచ్చు. అక్కడ ముందు దిగుతాం, హాయిగా ఉంటుంది, అలసిపోయిన తర్వాత ఎక్కాలి. అట్లా ఇరుక్కునేది ఎక్కువ మంది బలంగా ఉన్న కుర్రాళ్లే.

మన దగ్గర బోర్డు పెట్టేవాడు లేడు. ఆ బోర్డు మన తలలోనే ఉండాలి.

పాలమూరు_పోరడు
@ఫీనిక్స్_పాలమూరు మక్తల్ వైపు అంటే ముడుమాల్ దగ్గరా అన్నా? అక్కడి ఆదిమకాలపు నిలువు రాళ్లను 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో పెట్టారు కదా. మీ ఊరు వచ్చినప్పుడు చెప్పు.

ఫీనిక్స్_పాలమూరు
@పాలమూరు_పోరడు అవును, కృష్ణ ఒడ్డు. చిన్నప్పుడు ఆ రాళ్ల మధ్యనే ఆడుకున్నాం. ఎంత పాతవో అప్పుడెవరూ చెప్పలేదు. మా పెద్దమ్మ వాటి నీడ చూసి పొద్దు ఎంతయిందో చెప్పేది.

ఎర్రటి_ఎండ
ఎండాకాలంలో కూడా ఎక్కొచ్చు, ఊరికే భయపెట్టకండి. మేం మేలో ఎక్కుతాం. పొద్దున 4కి మొదలు పెడితే 7కల్లా కిందికి.

అచ్చంపేట_అక్క
@ఎర్రటి_ఎండ తమ్ముడూ, 4 గంటలకు చీకట్లో గుట్ట ఎక్కడం తప్పు. చీకటి, తెల్లవారుజాము, పొద్దుగూకే వేళ, ఇవి ఎలుగుబంటి తిరిగే వేళలు. వేసవిలో ఇప్పపూలు రాలుతాయి, వాటి కోసం వస్తుంది. పగలంతా రాళ్ల మధ్య గుహలో పడుకుంటుంది. పులి మనిషిని చూస్తే తప్పుకుంటుంది. ఎలుగు అట్లా కాదు, దగ్గరికి వచ్చేదాకా మనల్ని చూడదు, చూశాక బెదిరి మీద పడుతుంది. మా వైపు ముఖాన గాట్లున్న మనుషులను చూశాను.

వెలుగు వచ్చాకే అడుగు పెట్టాలి. ఇద్దరికి తగ్గకుండా పోవాలి, మాట్లాడుకుంటూ పోవాలి. గుట్ట మీద మౌనం పాటించే వాళ్లంతా మా నల్లమల అంచుకు వచ్చినప్పుడు మాత్రం గట్టిగా కబుర్లు చెప్పుకోండి. ఇయర్‌ఫోన్లు జేబులో పెట్టండి.

ఎర్రటి_ఎండ
మా వైపు ఎలుగులు లేవు అక్కా, నెమళ్లే. కానీ చెప్పింది నిజం, కొత్త గుట్టకు పోతే వెలుతురు వచ్చాకే.

డాక్టర్_గుట్ట
ఎండ విషయంలో ఫీనిక్స్ అన్న మాటే నాదీ. నల్లగొండలో మేలో 45 దాటే రోజులుంటాయి. అది నీడలో కొలిచిన లెక్క. బండ దానికంటే చాలా ఎక్కువ కాగుతుంది. సాయంత్రం 5కి గాలి చల్లబడిందనుకుంటారు, కూర్చుంటే బండ పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంటుంది. పగలు తాగిన వేడిని రాయి రాత్రి దాకా వదులుతూనే ఉంటుంది. అందుకే ఎండాకాలం సాయంత్రం ఎక్కుడు కంటే పొద్దుటి ఎక్కుడే మేలు.

నీళ్లు గంటకు అర లీటరుకు తగ్గకుండా, ఎండ ఉంటే లీటరు దాకా. దాహం వేసే దాకా ఆగొద్దు. వట్టి నీళ్లే కాకుండా ఓఆర్ఎస్ గానీ, ఉప్పు వేసిన మజ్జిగ గానీ. మనిషి తడబడి మాట్లాడుతున్నా, చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతున్నా అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడి గుడ్డతో ఒళ్లంతా తడిపి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు.

60 దాటిన నాన్నగారికి బీపీ మందులు ఉంటే, ముఖ్యంగా నీరు పోయే మాత్రలు ఉంటే, ముందు వాళ్ల డాక్టర్‌ను అడిగి కదలండి.

సూర్యాపేట_స్వాతి
మా నల్లగొండ వైపు గుట్ట కింద బోరింగు నీళ్లు తాగొచ్చా? ఫ్లోరైడ్ అని టెన్షన్.

డాక్టర్_గుట్ట
@సూర్యాపేట_స్వాతి ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి తాగితే వచ్చే జబ్బు. ఒక పూట దాహానికి తాగితే రాదు. మర్రిగూడ వైపు మనుషులు పడ్డ బాధ చూసినవాళ్లకు ఆ భయం ఉండటం సహజమే. కానీ ఎండలో బోరింగు ముందు నిలబడి దాహంతో ఉండొద్దు. గుట్ట మీద నిలవ ఉన్న గుంత నీళ్లు మాత్రం తాగొద్దు, దాని సంగతి వేరు.

గుట్టలపిచ్చి
ఎండాకాలం ఒక్కటే ప్రమాదం అనుకోవద్దు. వానాకాలం బండ మీద నల్లటి పాచి ఉంటుంది, ఎండినప్పుడు ఇసుక కాగితంలా పట్టుకునే బండే తడిస్తే నిలబడనివ్వదు. వాన వెలిసి ఒక పూట ఎండ తగిలాక ఎక్కండి. ఎక్కేటప్పుడు కాదు జారేది, దిగేటప్పుడు. ఏటవాలు బండ మీద సిగ్గుపడకుండా కూర్చుని దిగండి.

నా లెక్క ప్రకారం గుట్టలకు బెస్ట్ సీజన్ మాఘం, ఫాల్గుణం. మోదుగలు పూస్తాయి. ఆకు రాలిపోయి దారి కనిపిస్తుంది, చూపు దూరం పోతుంది.

దేవరకొండ_బిడ్డ
నేను ఒప్పుకోను. సీతాఫలాల కాలం, దసరా ముందూ వెనకా. ఏ గుట్ట ఎక్కినా పండు చేతికందుతుంది. తంగేడు పూత, గునుగు పూలు, బండల మీద గుంతల్లో ఇంకా నీళ్లు, వాటిలో ఆకాశం. మాఘంలో అంతా బూడిద రంగు.

పాలమూరు_పోరడు
సీతాఫలం అంటే మాదే. బాలానగర్ రకం అని దేశమంతా తోటల్లో పెట్టుకుంటారు, ఆ బాలానగర్ మా పాలమూరుదే. దేవరకొండ అక్క ఒప్పుకోవాలి.

దేవరకొండ_బిడ్డ
పేరు మీదే, పండు మాది. గుట్టకు జిల్లా బోర్డు ఉండదు పోరడూ.

గుట్టలపిచ్చి
కలే పండ్లు, మొర్రి పండ్లు, తునికి పండ్లు మరిచిపోయారు. అవి ఎండాకాలానివి. ఎర్రటి_ఎండకు ఒక పాయింట్.

ఎర్రటి_ఎండ
నాకు కావాల్సింది అదే.

రాయి_మనిషి
ఈ గుట్టల వయసు ఎవరూ చెప్పలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు గ్రానైటు 250 కోట్ల ఏళ్ల నాటిది. భూమి లోతున గట్టిపడిన రాయి, మీది మన్నూ రాయీ కొట్టుకుపోయి బయటపడింది. పగుళ్ల వెంట నీళ్లు దిగి మూలలు అరిగాక గుండ్లు మిగిలాయి. అందుకే గుండు మీద గుండు నిలబడి ఉంటుంది, ఎవరూ పెట్టలేదు. ఉల్లిపొరల్లాగా పెచ్చులు ఊడటం కూడా గమనించండి. పెచ్చు మీద కాలు పెట్టేముందు ఒకసారి తట్టి చూడండి, బోలు శబ్దం వస్తే పక్కనుంచి పోండి.

నల్లమలలోకి పోతే రాయి మారుతుంది. అది పొరలు పొరలుగా పేరుకున్న ఇసుకరాయి గట్టిపడి అయిన క్వార్ట్‌జైట్. ఉమామహేశ్వరం దగ్గర కొండ చరియ గొడుగు పట్టినట్టు ముందుకు వచ్చిందంటే కారణం అదే.

బాధ ఏమిటంటే, ఈ గుట్టలు తిరిగి పెరిగేవి కావు. చెట్టు కొడితే నాటొచ్చు. గుట్టను క్రషర్‌కు వేస్తే కంకర అయిపోయింది, అంతే. హైదరాబాద్‌లో రాళ్లను కాపాడాలని 1996లోనే సొసైటీ టు సేవ్ రాక్స్ అని ఒక సంఘం పుట్టింది. మన జిల్లాల్లో అలాంటిది రావాలి. మా ఊరి పక్క గుట్ట సగం పోయింది. మిగిలిన సగం మీద నేను ఇప్పటికీ ఎక్కుతాను, ఎక్కిన ప్రతిసారీ కోసిన వైపు అంచు నాకు దగ్గరికి జరుగుతూ ఉంటుంది.

నల్లగొండ_నడక
@రాయి_మనిషి మీ పోస్టు మావాడికి చదివి వినిపించాను. 250 కోట్లు అంటే ఎన్ని సున్నాలని లెక్కపెడుతున్నాడు. కోసిన గుట్ట మాట దగ్గర మా నాన్న ఏమీ మాట్లాడలేదు, ఆయన బాల్యంలో పశువులు కాసిన గుట్ట కూడా అలాగే పోయింది.

కొల్లాపూర్_కబుర్లు
ఉమామహేశ్వరం మాట వచ్చింది కాబట్టి. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. కార్లో నేరుగా పైకి పోయేవాళ్లు సగం పోగొట్టుకుంటున్నారు. కింద భోగమహేశ్వరం దగ్గర దిగి పాత దారిలో ఎక్కండి. పైన గుడి నుంచి పాపనాశనం దాకా కొండ అంచున నడక. ఒకపక్క తల మీదికి వంగిన బండ, ఇంకోపక్క లోయ నిండా అడవి. మండు వేసవిలో కూడా రాతిలోంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతుంటాయి. కోతులతో జాగ్రత్త, చేతిలో కవరు కనిపిస్తే వదలవు.

ఎర్రటి_ఎండ
సలేశ్వరం ఎవరూ చెప్పలేదు! అసలు ట్రెక్ అంటే అదే కదా.

అచ్చంపేట_అక్క
సలేశ్వరం ట్రెక్ కాదు తమ్ముడూ, యాత్ర. చైత్ర పౌర్ణమికి ఆ కొద్ది రోజులే అటవీ శాఖ దారి వదులుతుంది. చెంచులే పూజారులు. పోయేటప్పుడు "వస్తున్నం లింగమయ్యా", వచ్చేటప్పుడు "పోతున్నం లింగమయ్యా" అని లోయ మొత్తం మారుమోగుతుంది. లోయలోకి దిగే చోట మనిషి వెనక మనిషి, పక్కకు తప్పుకునే చోటుండదు. నేను ప్రతి ఏడూ పోతాను, ప్రాణం. కానీ నడక కోసం, ప్రశాంతత కోసం అడిగిన మనిషికి, పిల్లాడిని వెంటేసుకున్న మనిషికి అది చెప్పను. ఆ రోజుల్లో ఎండ, జనం రెండూ విపరీతం.

మిగతా రోజుల్లో అక్కడికి పోవడానికి లేదు. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అది. దొంగచాటుగా పోయి వీడియోలు పెట్టేవాళ్లు ఉన్నారు, వాళ్లను చూసి పోవద్దు. నడవాలంటే మన్ననూర్‌లో అటవీ శాఖ వాళ్లను అడగండి, గైడ్‌తో పంపే నడకలున్నాయి. గైడ్లు చెంచు పిల్లలు. మనం చూసేది చెట్టు, వాళ్లు చూసేది దాని మీద గోరు గీత. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా శ్రీశైలం రోడ్డు గేట్లు మూస్తారు, టైం చూసుకుని బయల్దేరండి.

లెక్కల_సారు
@అచ్చంపేట_అక్క చాలా బాగా చెప్పావమ్మా. దొంగచాటు వీడియోల సంగతి ప్రతి గుంపులో చెప్పాలి.

సున్నం_వద్దు
రాచకొండ నా గుట్ట. సంస్థాన్ నారాయణపురం వైపు. హైదరాబాద్ వాళ్లకు ఆ పేరు అంటే పోలీస్ కమిషనరేటే తెలుసు. రేచర్ల అనపోతానాయకుడు రాజధాని చేసుకున్న చోటు, రసార్ణవసుధాకరం అనే సంస్కృత నాట్యశాస్త్ర గ్రంథం రాసిన సింగభూపాలుడు ఏలిన చోటు. చుట్టూ తండాలు, గుట్టల మధ్య పత్తి చేలు. ఎక్కుతుంటే ఒక గోడ అయిపోయిందనుకుంటే ఇంకో గోడ.

అక్కడ నన్ను కలచివేసేది ఒక్కటే, పేర్లు. దర్వాజా రాళ్ల మీద పెయింట్‌తో, బొగ్గుతో, మేకుతో గీకిన పేర్లు, బాణం గుర్తులు. 600 ఏళ్లు వాననూ ఎండనూ ఓర్చిన రాయి అది. మీ పిల్లలు రాయబోతే ఆ చెయ్యి పట్టుకోండి.

భోనగిరి_బాబు
@సున్నం_వద్దు మా ఖిల్లా మీద కూడా ఇదే. సీసాలు కూడా. మేం కొంతమందిమి సంచులు పట్టుకుని ఎక్కి ఏరుకొస్తాం. ఎవరైనా కలవొచ్చు.

ఎర్రటి_ఎండ
నేను వస్తా బాబూ. ఎండాకాలం అయినా సరే.

తేనెతుట్టె
ఇంత చర్చలో తేనెటీగలు రాలేదు. గుట్టల్లో పాముకన్నా, చిరుతకన్నా నాకు భయం వాటితోనే. కోట దర్వాజాల కింద, వంగిన బండల కింద పెద్ద తేనెటీగల తుట్టెలు వేలాడుతుంటాయి, నల్లగా మెరుస్తూ. దగ్గరగా చూస్తే పైపొర అంతా ఒక్కసారి అలలా కదులుతుంది, అది మనకు ఇచ్చే హెచ్చరిక. అట్లా కదిలిందంటే మాట ఆపి వచ్చిన దారిలోనే వెనక్కి పోవాలి.

సెంటు కొట్టుకుని ఎక్కొద్దు. కింద మంట, సిగరెట్ వద్దు. పిల్లలు రాయి విసరకుండా చూడాలి. లేచాయంటే చేతులు ఊపొద్దు, ముఖం కప్పుకుని ఆగకుండా దూరంగా పరుగెత్తాలి. కుట్టిన చోట ముల్లును గోటితో గీకి వెంటనే తీసేయాలి, ఆలస్యం చేసిన కొద్దీ విషం దిగుతూనే ఉంటుంది. ఊపిరి ఆడకపోయినా, నాలుక, పెదవులు వాచినా ఒక్క నిమిషం ఆగొద్దు, ఆసుపత్రికి పోవాల్సిందే.

డాక్టర్_గుట్ట
తేనెతుట్టె గారు చెప్పింది అక్షరాలా నిజం. ఎక్కువ కుట్లు పడితే పైకి బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రిలో చూపించండి.

దేవరకొండ_బిడ్డ
మా కోటలో ఒక దర్వాజా కమాను కింద తుట్టె ఉంటుంది. కొన్నాళ్లు పోయి మళ్లీ అక్కడికే వస్తాయి. వచ్చేముందు ఇక్కడ అడగండి, ఉందో లేదో చెప్తాను.

నల్లగొండ_నడక
ఇంతమంది ఇన్ని చెప్తారనుకోలేదు. మాఘంలో దేవరకొండతో మొదలు పెడతాం, తెల్లారాక ఎక్కి ఎండ ముదరకముందే దిగుతాం. నాన్న మాత్రల సంగతి డాక్టర్‌ను అడిగాను, పరవాలేదన్నారు. తర్వాత కోయిల్‌కొండ. చెర్వుగట్టు ఖాళీ రోజున. సీతాఫలాల కాలంలో ఎక్కడికి అన్నది ఇంకా తేలలేదు, పోరడూ అక్కా ముందు తేల్చుకోండి.

ఒక ప్రశ్న మిగిలింది. వనపర్తి వైపు ఖిల్లా ఘనపురం ఎవరైనా ఎక్కారా? రెండు గుట్టలను కలుపుతూ గోడ ఉందని విన్నాను.

కొల్లాపూర్_కబుర్లు
@నల్లగొండ_నడక ఎక్కాను. కాకతీయుల సామంతుడు గోన గణపారెడ్డి పేరు మీదే ఊరు, 13వ శతాబ్దం. కింద గణపసముద్రం చెరువు, నిండిన ఏడాది పైనుంచి చూడాలి దాన్ని. ఊళ్లోంచే దారి. మొదటి సగం రాళ్ల మెట్లు, తర్వాత కంప, తర్వాత బండలు. పైన గుంతల్లో నీళ్లుంటాయి, తాగడానికి కాదు.

సూర్యాపేట_స్వాతి
ఆ గోడ మీద నడిచి ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకు పోవచ్చా? ఫొటోల్లో చూసి అడుగుతున్నా.

కొల్లాపూర్_కబుర్లు
గోడ మీద వద్దమ్మా. పైవరస రాళ్లు కొన్నిచోట్ల కదులుతున్నాయి, కాలు పెట్టగానే తెలుస్తుంది. గోడ పక్కన మేకలు కాసేవాళ్ల బాట ఉంది, నడుము ఎత్తులో కొమ్మలు విరిగి ఉంటాయి చూడు, దాన్నే పట్టుకుని పో. పొద్దున ఎక్కితే ఆ వైపు గోడ నీడ ఉంటుంది.